ఇంట్లో ఇటలీ యాపిల్ కేక్: బెంగళూరు వంటింట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరుకు వచ్చి తొమ్మిదేళ్లు. హిమాచల్ యాపిల్ మార్కెట్‌లోకి దిగే జూలై చివరి నుంచి దీపావళి దాకా మా ఇంట్లో రెండు వారాలకోసారైనా ఈ కేక్ చేస్తాను. మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్లు, ఆఫీసు స్నేహితులు, ఊళ్ల నుంచి ఫోన్ చేసే చుట్టాలు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఇక్కడ చెప్పిన ప్రతి పద్ధతీ నేను చేసి చూసిందే.

బేకరీలో దొరికే యాపిల్ కేక్‌కీ దీనికీ తేడా ఏమిటి?

ఇటలీలో దీన్ని తోర్తా ది మేలె అంటారు. తోర్తా అంటే కేక్, మేలె అంటే యాపిల్ పళ్లు. క్రీమ్ ఉండదు, ఐసింగ్ ఉండదు. పొద్దున పాలు కలిపిన కాఫీతోనో, సాయంత్రం పిల్లలకు చిరుతిండిగానో పెట్టే ఇంటి వంట. మన పులిహోరలాగే ఏ రెండు ఇళ్లలోనూ ఒకేలా ఉండదు. ఒకరు వెన్న వేస్తారు, ఒకరు నూనె పోస్తారు, ఇంకొకరు పెరుగు కలుపుతారు. అసలైనది ఏదని వాదించుకోవాల్సిన పని లేదు.

ముఖ్యమైన తేడా పాళ్లలో ఉంది. పూర్ణం బూరెలకు తోపు పలచగా ఉండి, లోపల పూర్ణం నిండుగా ఉంటేనే రుచి. ఈ కేక్ కూడా అంతే. పిండి ఉన్నది యాపిల్ ముక్కల్ని పట్టి ఉంచడానికి. తూకంలో అన్నీ కలిపిన పిండి ఎంతో పండు దాదాపు అంత ఉండాలి. చాలామంది భయపడి ఒక్క యాపిల్ వేసి ఊరుకుంటారు. అప్పుడు వచ్చేది అక్కడక్కడా పండు తగిలే మామూలు కేక్.

కొలతలు చెప్పండి.

8 అంగుళాల గుండ్రటి టిన్నుకు సరిపోయే కొలతలివి. మైదా 150 గ్రాములు, పంచదార 110 గ్రాములు, పైన చల్లడానికి ఇంకో పెద్ద చెంచాడు. గుడ్లు 2. ఉప్పు లేని వెన్న 70 గ్రాములు. పాలు 60 మిల్లీలీటర్లు. బేకింగ్ పౌడర్ ఒకటింపావు చిన్న చెంచా, అంటే దాదాపు 5 గ్రాములు. చిటికెడు ఉప్పు. ఒక నిమ్మకాయ తొక్క తురుము, అదే కాయ రసం. మధ్యరకం యాపిల్స్ 3 లేదా 4. తొక్క, గింజలు తీశాక 450 గ్రాములు ఉండాలి.

యాపిల్ తప్ప మిగతావన్నీ నెలవారీ సరుకుల్లో ఉండేవే.

చేసే వరుస ఏమిటి?

ముందు ఓవెన్‌ని 175 డిగ్రీలకు పెట్టి 15 నిమిషాలు వేడి కానివ్వండి. టిన్నుకు లోపలంతా వెన్న రాసి, చెంచాడు మైదా వేసి టిన్ను తిప్పుతూ తట్టండి. మిగిలిన పొడి దులిపేయండి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. వెన్న కరిగించి పక్కన పెట్టండి, పొగలు కక్కేలా ఉండకూడదు.

యాపిల్స్ తొక్క తీసి నాలుగు చెక్కలు చేసి గింజల భాగం కోసేయండి. సగం చెక్కల్ని పలచటి చిన్న ముక్కలుగా, మిగతా సగాన్ని అర్ధచంద్రాకారపు రేకులుగా తరగండి. రేకు మందం అప్పడాల కట్టలోంచి రెండు మూడు అప్పడాలు కలిపి పట్టుకున్నంత ఉంటే చాలు. అన్నింటి మీదా నిమ్మరసం పిండి కలపండి.

తర్వాతి పని తొందర లేకుండా చేయాలి. పంచదార ఉన్న గిన్నెలో నిమ్మ తొక్క తురుము వేసి, వేళ్లతో ఒక నిమిషం నలపండి. పంచదార పలుకులు తురుముని ఒరుసుకుని లోపలి నూనె బయటికి వస్తుంది. పంచదార తడిసిన ఇసుకలా అయి, లేత పసుపు రంగుకు తిరిగి, వంటిల్లంతా నిమ్మతోట వాసన వస్తుంది. కేక్‌లో ఆ వాసన నిలవాలంటే ఈ నిమిషం వదలొద్దు. పైన చల్లాల్సిన పెద్ద చెంచాడు పంచదార మాత్రం విడిగా ఉంచుకోండి.

ఆ పంచదారలో గుడ్లు కొట్టి విస్క్‌తో ఐదారు నిమిషాలు గిలక్కొట్టండి. బీటర్ ఉంటే మూడు నిమిషాలు చాలు. ముదురు పసుపు పోయి మీగడ రంగుకు రావాలి, నురగతో రెట్టింపు అవ్వాలి. కరిగిన వెన్న, పాలు సన్నగా పోస్తూ కలపండి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు జల్లించి రెండు విడతలుగా వేసి, తెల్లటి పొడి కనపడనంత వరకే కలిపి ఆపేయండి. ఎక్కువ కలిపితే మైదాలో జిగురు సాగి కేక్ రబ్బరులా అవుతుంది. పిండి బజ్జీల పిండి కంటే కాస్త చిక్కగా ఉంటుంది.

చిన్న ముక్కలు పిండిలో కలిపి టిన్నులో పోయండి. రేకుల్ని పైన అంచు నుంచి మధ్యకు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా పేర్చండి. విడిగా ఉంచిన పంచదార చల్లి, ఓవెన్ మధ్య అరలో 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. కేక్ అంచు టిన్నును వదిలి, పైన రేకుల కొసలు గోధుమ రంగుకు తిరిగితే అయినట్టే.

ఏ యాపిల్ కొనాలి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కేక్ బాగా రావడం రాకపోవడం కూడా ఎక్కువగా దీని మీదే ఉంది.

ఇటలీలో యాపిల్ తోటలు ఎక్కువగా ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాల కింద, త్రెంతీనో, ఆల్తో అదిజే ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి ఇళ్లలో ఈ కేక్‌కు గోల్డెన్ డెలీషియస్, రెనెత్తా రకాలు వాడతారు. గోల్డెన్ మనకూ దొరుకుతుంది. 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో రెడ్ డెలీషియస్ మొక్కలు నాటించారు. ఆయనే తర్వాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నారు. అక్కడి తోటల్లో ఎర్ర రకాలకు పరాగం అందడానికి మధ్యమధ్యలో గోల్డెన్ చెట్లు వేస్తారు. అందుకే సీజన్‌లో ఎర్ర పళ్లతో పాటు ఈ పసుపు పళ్లు కూడా కొద్దిగా వస్తాయి. ఎరుపు లేదని జనం వదిలేస్తారు. మల్లేశ్వరం 8వ క్రాస్‌లోనో, రస్సెల్ మార్కెట్‌లోనో పసుపు యాపిల్ కనపడితే నేను రెండు కిలోలు తెచ్చేసుకుంటాను. వేడికి మెత్తబడినా ఆకారం చెడదు, తేనె వాసన వస్తుంది.

గోల్డెన్ దొరక్కపోతే గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చ యాపిల్ రెండు, రాయల్ గాలా రెండు కలపండి. ఒకటి పులుపు ఇస్తుంది, రెండోది తీపి. సీజన్ మొదట్లో వచ్చే గట్టి సిమ్లా యాపిల్ ఒక్కటే వాడినా బాగుంటుంది, నిమ్మరసం కాస్త ఎక్కువ పిండండి. నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి పిండిపిండిగా అయిన ఎర్ర యాపిల్ మాత్రం వద్దు. బయటికి నిగనిగలాడుతుంది, కొరికితే కరకర ఉండదు. అది కేక్‌లో గుజ్జయిపోయి చుట్టూ ఉన్న పిండిని ఉడకనివ్వదు. కొనేటప్పుడు బొటనవేలితో నొక్కి చూడండి, సొట్ట పడకూడదు. ఎత్తి చూస్తే సైజుకు తగ్గ బరువుండాలి.

తొక్క తీస్తున్నా సరే, ముందు గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడగండి. పైన మైనం పూత ఉంటుంది.

మన నిమ్మకాయ సరిపోతుందా? రెసిపీల్లో పెద్ద పసుపు నిమ్మ చూపిస్తారు.

సరిపోతుంది. ఇటలీ నిమ్మ పెద్దది, తొక్క మందం. మనది పలచటి తొక్క, కాబట్టి తురిమేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఆడాలి. పైన రంగు పొర మాత్రమే రావాలి, తెల్ల పొర తగిలిందంటే చేదు. పూర్తిగా పండి పసుపెక్కిన కాయ తీసుకోండి.

ఇంకో మాట. పులిహోరకు వాడే దబ్బకాయ ఇక్కడ కన్నడలో హెరళెకాయి పేరుతో దొరుకుతుంది. దాని తొక్క తురుము అర చెంచా వేసి చూడండి. నాకు నిమ్మ కంటే అదే ఎక్కువ నచ్చింది.

గుడ్లు లేకుండా వస్తుందా?

వస్తుంది. మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు, కార్తీక మాసంలో మా ఇంట్లో ఎవరమూ తినం. అందుకని ఈ మార్పు చాలాసార్లు చేశాను. రెండు గుడ్ల బదులు గట్టి పెరుగు 120 గ్రాములు తీసుకోండి. అందులో పావు చెంచా వంటసోడా కలిపి ఐదు నిమిషాలు పక్కన పెడితే పొంగుతుంది. బేకింగ్ పౌడర్ ఒక చెంచాకు తగ్గించండి. పాలు సగం చాలు. వెన్న బదులు వాసన లేని నూనె 60 మిల్లీలీటర్లు పోయండి, మెత్తగా ఉంటుంది.

ఇక్కడ ఒక్క చోట మాత్రం యాపిల్ తగ్గించాలి. పిండిని పట్టి నిలబెట్టేది గుడ్డు. అది లేనప్పుడు అంత పండు బరువు మోయలేక కేక్ కూలుతుంది. 300 గ్రాముల ముక్కలు చాలు, అవి కూడా ఎక్కువ భాగం పైనే పేర్చండి. 165 డిగ్రీల దగ్గర పది నిమిషాలు అదనంగా ఉంచండి. గుడ్డు వేసినంత గుల్లగా రాదు, కానీ రుచికి లోటుండదు. మా అత్తయ్యగారు రెండో ముక్క అడిగి పెట్టించుకుంటారు.

వెన్న మంచిదా, నూనె మంచిదా?

రెండూ ఇటలీ ఇళ్లలో వాడతారు. వెన్న వేస్తే వాసన కమ్మగా ఉంటుంది. నూనె వేస్తే రెండో రోజు కూడా మెత్తగా ఉంటుంది, ఫ్రిజ్‌లో గట్టిపడదు. వెన్నలో దాదాపు ఐదో వంతు కొవ్వు కానిది, ముఖ్యంగా నీరు. అందుకే 70 గ్రాముల వెన్నకు 60 మిల్లీలీటర్ల నూనె చాలు. పొద్దుతిరుగుడు నూనె బాగుంటుంది. వేరుశెనగ, నువ్వుల నూనెల వాసన నిమ్మను మింగేస్తుంది. నెయ్యితో చేస్తే రుచి మైసూరుపాకు వైపు పోతుంది, ఈ కేక్‌కు వద్దంటాను.

ఉప్పు వెన్నే ఇంట్లో ఉంటే కొలతలోని ఉప్పు మానేయండి.

మైదా బదులు గోధుమపిండి వాడొచ్చా?

మూడో వంతు దాకా పర్లేదు, అంటే 50 గ్రాముల గోధుమపిండి, 100 గ్రాముల మైదా. గోధుమపిండి ఎక్కువ తడి పీల్చుకుంటుంది కాబట్టి పాలు రెండు చెంచాలు పెంచండి. మొత్తం గోధుమపిండితో చేస్తే బరువుగా వస్తుంది.

ఇటలీ రెసిపీల్లో డబుల్ జీరో పిండి అని ఉంటే ఖరీదైన పాకెట్ కోసం వెతకొద్దు. ఆ సున్నాలు పిండి ఎంత తెల్లగా, మెత్తగా ఆడించారో చెప్పే గుర్తు. మన మైదా ఆ పని చక్కగా చేస్తుంది.

త్రాసు లేదు. గిన్నెలతో కొలవొచ్చా?

నిజానికి ఇటలీలో గిన్నె కొలతతో చేసే కేక్ ఒకటి ఇంటింటా తెలుసు. 125 గ్రాముల పెరుగు డబ్బా తీసుకుని, ఒక డబ్బా పెరుగు, ఒక డబ్బా నూనె, రెండు డబ్బాల పంచదార, మూడు డబ్బాల పిండి, మూడు గుడ్లు వేస్తారు. మొత్తం ఏడు డబ్బాలు. పేరు కూడా ఏడు డబ్బాల కేక్ అనే. మా అమ్మమ్మ బియ్యం, పప్పు గిద్దెతోనూ సోలతోనూ కొలిచేది, త్రాసు పట్టుకోవడం నేను చూడలేదు. ఆ కేక్ గురించి తెలిసినప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది.

నా కొలతలను 240 మిల్లీలీటర్ల కప్పులోకి మారిస్తే మైదా ఒక కప్పు మీద రెండున్నర పెద్ద చెంచాలు, పంచదార అర కప్పు మీద ఒక పెద్ద చెంచా. మైదాని చెంచాతో కప్పులోకి వదలండి. కప్పుతో డబ్బాలోంచి కూరి తీస్తే 20, 30 గ్రాములు ఎక్కువ వస్తుంది.

నా దగ్గర ఉన్న టిన్ను వేరే సైజు.

ఇటలీ రెసిపీల్లో 24 సెంటీమీటర్ల టిన్ను ఎక్కువగా కనపడుతుంది. మన దగ్గర 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు. చూడ్డానికి తేడా కొంచెమే, కానీ వైశాల్యంలో చిన్నది పెద్దదానికి మూడింట రెండు వంతులే. మొత్తం పిండి పోస్తే పొంగి పొర్లుతుంది. అన్నీ మూడింట రెండు వంతులు చేసుకోండి. నా కొలతలతో 7 అంగుళాల టిన్నులో చేయాలంటే ముప్పావు వంతు తీసుకోండి. అడుగు ఊడొచ్చే టిన్నైతే పేర్చిన రేకులు చెదరకుండా తీయొచ్చు.

టిఫిన్లు చుట్టే బటర్ పేపర్ అడుగున వేయకండి, మైనం పూత ఉన్నదైతే పొగ వస్తుంది. ఓవెన్‌కు పనికొస్తుందని పాకెట్ మీద రాసి ఉన్న బేకింగ్ పేపరే వాడండి.

ఓవెన్ లేదు. పీజీలో ఉంటాం, ఒక గ్యాస్ పొయ్యి మాత్రం ఉంది.

పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో చేయొచ్చు. వంటకు వాడటం మానేసిన పాత కుక్కరైతే మంచిది, నీళ్లు లేకుండా వేడెక్కిస్తే దాని అడుగు రంగు మారుతుంది. మూతలోని రబ్బరు, పైన వెయిట్ రెండూ తీసేయాలి. ఇది మర్చిపోవద్దు. అడుగున అర అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, మీద చిన్న స్టాండ్ పెట్టి, మూత వేసి మధ్యస్థం సెగ మీద పది నిమిషాలు వేడి చేయండి. 7 అంగుళాల టిన్ను దించి, సన్న సెగ మీద 55 నుంచి 65 నిమిషాలు ఉంచండి. మొదటి 40 నిమిషాలు మూత తీయకండి. ఆ ఉప్పు ఒక సీసాలో దాచుకుంటే మళ్లీ మళ్లీ దీనికే వాడుకోవచ్చు.

కుక్కర్‌లో పైనుంచి సెగ తగలదు, అందుకని పైన రేకులు పాలిపోయి ఉంటాయి. నేను చేసే ఉపాయం ఇది. టిన్ను అడుగున వెన్న కాస్త ఎక్కువ రాసి, రెండు చెంచాల పంచదార చల్లి, రేకుల్ని అక్కడ పేర్చి, పైనుంచి పిండి పోస్తాను. అయ్యాక పది నిమిషాలు ఆగి పళ్లెంలోకి తిరగేస్తే ఎర్రగా కాలిన యాపిల్ పువ్వు పైకి వస్తుంది.

మైక్రోవేవ్‌లో అవుతుందా?

కన్వెక్షన్ ఉన్నదైతేనే. ఆ మోడ్ ఒక్కటే పెట్టి, పొట్టి స్టాండ్ మీద టిన్ను ఉంచండి. లోపల ఫ్యాను వేడి గాలి తిప్పుతుంది కాబట్టి 160 డిగ్రీలు చాలు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో లోహపు టిన్ను పెట్టొద్దు.

ఓటీజీకి, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంట్ ఓవెన్‌కి, ఏ ప్లగ్ వాడాలి? కరెంట్ ఎంత కాలుతుంది?

1500 వాట్ల ఓటీజీ ఆరున్నర ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్ దానికి చాలదు, గీజరుకో ఫ్రిజ్‌కో ఇచ్చే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అద్దె ఇళ్లలో వంటింట్లో అలాంటిది ఒక్కటే ఉంటుంది, మిక్సీ, ఓటీజీ రెండూ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి. గంట నడిస్తే ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర యూనిట్. వేడెక్కాక దానంతట అదే ఆగి వెలుగుతుంది కాబట్టి అంతకన్నా తక్కువే.

మధ్యలో కరెంట్ పోతే?

వేసవిలో వాన మబ్బు పట్టిన సాయంత్రం బెంగళూరులో ఇది మామూలే. టెన్షన్ పడి తలుపు తీయకండి. ఓటీజీ మూసి ఉంటే పది నిమిషాల దాకా వేడి నిలుస్తుంది. ఆలోపు కరెంట్ వస్తే పోయినంతసేపు టైము కలుపుకుంటే చాలు. 30 నిమిషాలు దాటాక పోతే పిండి అప్పటికే గట్టిపడి ఉంటుంది, ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. మొదటి 15 నిమిషాల్లో పోయి రాకపోతే మాత్రం పైన చెప్పినట్టు కుక్కర్ వేడి చేసి టిన్నును అందులోకి మార్చండి, అందులో పట్టే సైజైతే. నేను ఒకసారి 8 అంగుళాల టిన్నును మా పెద్ద ఇడ్లీ పాత్రలో ఉప్పు పోసి గట్టెక్కించాను. ఇంటి ఇన్వర్టర్ మీద ఓటీజీ నడపొద్దు. అది అంత లోడు మోయలేదు.

మధ్యలో కుంగిపోయింది, లోపల పచ్చిగా ఉంది.

నా మొదటి కేక్ ఇలాగే అయింది. 35 నిమిషాలకే పైన రంగు చూసి తీసేశాను. పది నిమిషాల్లో మధ్య భాగం చిన్న గుంటలా దిగిపోయింది, కోస్తే పిండి చేతికంటింది. ఆ రోజు ఇంటికి వచ్చిన చుట్టాలకు అంచులు మాత్రం కోసి పెట్టాను.

యాపిల్‌లో నూటికి 85 వంతుల దాకా నీరే. వేడికి ఆ నీరు కొంత పిండిలోకి వస్తుంది, అది ఆవిరయ్యే దాకా మధ్య భాగం ఉడకదు. మామూలు కేక్ 35 నిమిషాల్లో అవుతుందని దీన్నీ అలాగే తీయకూడదు. పైన ముందే రంగు వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి ఇంకా ఉంచండి. టూత్‌పిక్ గుచ్చేటప్పుడు రెండు రేకుల మధ్య పిండి కనపడే చోట, రెండు మూడు చోట్ల గుచ్చండి. యాపిల్‌లో దిగితే ఎప్పుడూ తడిగానే వస్తుంది, అది చూసి మోసపోవద్దు. పుల్ల మీద తడి పొడి రేణువులు ఉంటే పర్లేదు, జిగురు పిండి ఉంటే ఇంకో ఏడెనిమిది నిమిషాలు.

ఇంకో కారణం, ముక్కలు కోసి పంచదార చల్లి చాలాసేపు ఉంచడం. పంచదార పండులోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీళ్లతో సహా పిండిలో వేస్తే కొలత తప్పినట్టే. నిమ్మరసం ఒక్కటే కలపండి, టిన్నులో వేసే ముందు గిన్నె వంచి నీళ్లు ఒంపేయండి.

ముక్కలన్నీ అడుగుకు దిగిపోతున్నాయి.

పిండి పలచన అయింది, లేదా ముక్కలు పెద్దవి. ముక్కల్ని చెంచాడు మైదాలో పొర్లించి వేస్తే కొంత ఆగుతాయి. నా పాళ్లలో చేస్తే అసలు దిగడానికి చోటుండదు, అడుగు నుంచి పై దాకా పండే.

కోసిన యాపిల్ నల్లబడితే పాడైనట్టా?

కాదు. పండులోని ఎంజైముకు గాలి తగిలి రంగు మారుతుంది, అంతే. నిమ్మరసం దాన్ని ఆపుతుంది. ఉప్పు నీళ్లలో వేయకండి, కేక్‌కు ఉప్పదనం వస్తుంది.

బేకింగ్ పౌడర్ అయిపోయింది. వంటసోడా, ఈనో వాడొచ్చా?

గుడ్లు వేసే ఈ పిండిలో సోడాకు తగినంత పులుపు లేదు, సబ్బు రుచి వస్తుంది. తప్పనిసరైతే ఏ ఫ్లేవరూ లేని ఈనో ఒక చెంచా చివర్లో కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి. అది వేసీ వేయగానే పొంగి చల్లారిపోయే రకం. పాత బేకింగ్ పౌడర్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి అర చెంచా వేడి నీళ్లలో వేసి చూడండి. బుసబుసా నురగ రాకపోతే పారేయండి.

ఊళ్లో మా అక్క ఇదే కొలతతో చేస్తే తేడాగా వచ్చింది. ఎందుకు?

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి కేక్ కొంచెం తేలిగ్గా పొంగుతుంది. ఒకటింపావు చెంచా పౌడర్ ఇక్కడ సరిపోతుంది, విజయవాడలోనో నెల్లూరులోనో ఒకటిన్నర వేసుకోవచ్చు. ఈ తేడా చిన్నదే. వెన్న విషయంలో వాతావరణం ఎక్కువ తేడా చూపిస్తుంది. డిసెంబరులో ఇక్కడ కరిగించిన వెన్న గిన్నెలోనే మళ్లీ గడ్డ కడుతుంది, చల్లటి పాలు పోస్తే పలుకులు పలుకులుగా తేలుతుంది. పాలు కూడా గోరువెచ్చగా ఉంచుకోండి.

దాల్చిన చెక్క, యాలకులు, జీడిపప్పు వేయొచ్చా?

దాల్చిన చెక్క పొడి చిటికెడు వేయొచ్చు, అక్కడా కొందరు వేస్తారు. రమ్ములో నానేసిన కిస్మిస్, పైన్ గింజలు వేసేవాళ్లూ ఉన్నారు. మనం కిస్మిస్‌ను వేడి నీళ్లలోనో యాపిల్ రసంలోనో నానబెడితే చాలు. యాలకులు వేస్తే మంచి వాసనే వస్తుంది కానీ తిన్నవాళ్లకు పాయసం గుర్తొస్తుంది. మొదటి రెండుసార్లు నిమ్మ ఒక్కదానితో చేసి చూడమని నా మాట. పండు రుచి ఏమిటో తెలిశాక మీ ఇష్టం.

బెల్లంతో చేయొచ్చా? షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

సగం పంచదార, సగం బెల్లం పొడితో బాగానే వస్తుంది, రంగు ముదురుతుంది. కానీ బెల్లం వేసినంత మాత్రాన షుగర్ ఉన్నవాళ్లకు మంచిదైపోదు. మైదా, పండు, తీపి అన్నీ ఇందులో ఉన్నాయి. వాళ్లు డాక్టరును అడిగి, తింటే చిన్న ముక్క తినాలి. పంచదారను 80 గ్రాములకు తగ్గించినా కేక్ చెడదు, తీపి యాపిల్ వాడితే సరి.

ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? ఊరికి తీసుకెళ్లొచ్చా?

టిన్నులో 15 నిమిషాలు ఆరనిచ్చి, జల్లి స్టాండ్ మీదకు తీసి, గంట ఆగి కోయండి. ఆ రోజు పైన రేకులు కరకరలాడతాయి. రెండో రోజు పండు తడి అంతటా పాకి మెత్తగా అవుతుంది. నాకు రెండో రోజుదే ఇష్టం, ఫిల్టర్ కాఫీ పక్కన. బెంగళూరు చలికాలంలో రెండు రోజులు బయట ఉంచొచ్చు. వేసవిలో, వాన ముసురులో మొదటి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజులు ఆగుతుంది. తినే ముందు అరగంట బయట పెట్టండి.

రాత్రి బస్సులో విజయవాడకు చాలాసార్లు తీసుకెళ్లాను. వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరి నీళ్లయి పైభాగం నానిపోతుంది, కాబట్టి పూర్తిగా చల్లారాలి. కోయకుండా, చేసిన టిన్నులోనే ఉంచి, పైన గుడ్డ కప్పి, టిన్ను పట్టే స్టీలు డబ్బాలో దించుతాను. సామాను కింద పెట్టకుండా కాళ్ల దగ్గర పెట్టుకుంటాను. తెల్లవారి అమ్మ మూత తీసేసరికి నిమ్మ వాసన ఇంకా ఉంటుంది.